క్లచ్ వైరు

ఆదివారం దుకాణం బంద్.
షట్టరు మీద చాక్‌పీసుతోని రాసిన:
"అడివికి పోయిన. సోమారం రాండ్రి."
పక్క జిరాక్సాయన సదివి నవ్విండు,
"హన్మకొండల బండ్లకే దిక్కులేదు,
జింకలకు గూడ నువ్వే మెకానిక్‌వా?"

తాడ్వాయి కాడ పెద్దరోడ్డు ఇడిసినంక
సెల్లుల గీతలు ఒక్కొక్కటే రాలిపోయినయ్.
గూడెం మొదట్ల ఈసం బుచ్చక్క నిలవడ్డది.
గళ్ళ చీర మీద ఖాకీ అంగీ,
చేతుల బొంగు కర్ర.
మేం ఆరుగురం. బ్యాంకు మేడం కొత్త బూట్లేసుకున్నది,
కాలేజి పోరగాండ్లిద్దరు అప్పుడే ఫొటోలు.
"జంతువును సూడనీకొచ్చినోళ్ళు వాపసు పోండ్రి.
ఇయ్యాల మనం సూసేది ఇనుమే."

అడివిల ఇనుము ఎతుకుడు అంత అల్కగ రాదు.
తునికి పొదలు ఊగుతుంటయ్,
ఊగనిది ఏందో అది వట్టుకోవాలె.
దుప్పి మెడంత ఎత్తుకు ఒంగి సూడాలె.
గట్ల ఒంగి ఒంగి
మోకాళ్ళు రెండు గంటల్ల మట్టిరంగైనయ్.

మొదటి ఉచ్చు మద్దిచెట్టు మొదలుకు.
ఎండుటాకులు జరిపితె
సన్నగ, సల్లగ, పేట్లు పేట్లు పేనిన తీగ.
కొసకు సీసం బొడిపె.
నా ఏళ్ళు ముందు గుర్తువట్టినయ్,
నేను ఎనక.

క్లచ్ వైరు.
లీవరు కాడ పోగులు లేస్తె
తెగకముందే నేనే మారుస్త గదా, గదే.
పాతవి దుకాణం ఎనక డబ్బాల ఏస్త.
నెలకోపారి ఒక పిలగాడొచ్చి కిలో లెక్కన కొంటడు.
"దేనికిర?" అంటె
"బట్టలారేసుకోనీకి" అంటడు.
ఆ ఊళ్ళె గన్ని బట్టలెక్కడియో
నేనెన్నడడగలే.
ఆ పైసలతోనే మొన్న బిడ్డకు జామెంట్రీ డబ్బా కొన్న.

బుచ్చక్క నా మొఖం జూసింది.
ఏం అడగలే.
కటింగ్ ప్లేరు నా చేతుల పెట్టి
"నీకైతె అలవాటున్నట్టుంది, కొయ్యి" అన్నది.

పొద్దు వాలేసరికి పద్దెనిమిది.
పంతొమ్మిదోదాని కాడ చెట్టు చుట్టూ
బెరడు ఒరుసుకపోయి గుండ్రటి గీత,
ఎన్ని చుట్లు తిరిగితె అంత లోతు పడుతదో.
తీగె మీద నాలుగు ఎంట్రుకలు.
ఇంకేం లేదు.
బ్యాంకు మేడం నోట్‌బుక్ తెరిచి
ఏం రాయకుంటనే మూసింది.
పోరగాండ్లు ఫోన్లు జేబుల పెట్టుకున్నరు.

తిరిగొచ్చేటప్పుడు బుచ్చక్క జొన్నరొట్టె పెట్టింది, పచ్చిమిరప తొక్కుతోని.
కారానికి కండ్లల్ల నీళ్ళొచ్చినయన్న.
అందరు నమ్మిండ్రు.

సోమారం.
డబ్బా గుమ్మరించుకొని కూసున్న,
ప్రతి వైరు జానెడు జానెడు ముక్కలు కోసుకుంట.
గిరాకీ రెండు బండ్లు వాపసు పోయినయ్.
జిరాక్సాయన రెండుసార్లు తొంగి జూసిండు.

బుధవారం పిలగాడొచ్చిండు.
డబ్బాల చెయ్యి పెట్టి ముక్కలు తీసి జూసిండు.
"గింత పొట్టి తీగ మీద
ఏం బట్టలారుతయే అన్నా?"

కోపంగనే తలెత్తిన.
రెండు రోజుల సంది తయారువెట్టుకున్న మాటలున్నయ్,
మద్దిచెట్టు, బెరడు, నాలుగెంట్రుకలు.
ఏడికెళ్ళి మొదలువెట్టాలెనో తెల్వక కిందికి జూసిన.

వాని ఎడమకాలి చెప్పుకు పట్టీ తెగింది.
ఒక్క పోగు, క్లచ్ వైరులకెళ్ళి తీసిన ఒకే ఒక్క పోగుతోని
సాఫ్‌గ కుట్టుకున్నడు.