నీసు

బుధవారం స్త్రీల కూడికకి ముందు
నిమ్మచెక్క పెట్టి తోముకున్నాను చేతులు.
తరవాత సెనగపిండి. తరవాత మా చిన్నదాని పౌడరు.
పొద్దుట్నించీ షెడ్డులో ఐసు ముందు కూచుని
కిలోకింతని రొయ్యల తలలు తుంచిన చేతులు.
గోటి సందున చేరిన నీసు
నాకంటే ముందే మందిరంలోకి వెళ్ళిపోద్దని భయం.
ముళ్ళు దిగిన చోట నిమ్మరసం ఎలా మండుద్దో
తెలిసినోళ్ళకి చెప్పక్కర్లేదు.

చాప మీద ఆఖర్న, కిటికీ పక్కన కూచుంటాను
గాలి నా మీదుగా బయటికి పోయేలా.
వశిష్ఠ మీంచి వచ్చే గాలి
ఒక్కోసారి మాట వినదు.

సుగుణవతమ్మగారి ప్రార్థన నాకు కంఠతా వచ్చు.
"మహోన్నతుడవైన" దగ్గర గొంతు లేపాలి,
"ధూళిని, బూడిదను" దగ్గర వొణకాలి,
కొంగు ఎప్పుడు కళ్ళకద్దుకోవాలో కూడా తెలుసు.
ఆవిడ గొంతు నా నోట్లో
అరువు తెచ్చిన గొలుసులా ఉండేది.
పెళ్ళికి పెట్టుకెళ్ళి
తెగిపోద్దేమోనని భోజనం కూడా సరిగ్గా చెయ్యం చూడండి,
అలాగ.

ఆ వేళ సాక్ష్యం నా వంతు.
నా ముందు చెప్పినామెకి గెడ్డ కరిగిపోయింది.
ఆమె ముందామె కొడుక్కి ఉద్యోగమొచ్చింది.
దేవుడికి స్తోత్రం. అబద్ధమని నేననను.
మైకు నా చేతికొచ్చింది.
"మహోన్నతుడవైన" అన్నాను.
అంతే.
కాలవకి లాకు దింపేసినట్టు ఆగిపోయింది మాట.
మైకులో నా ఊపిరి,
బయట కొబ్బరాకుల చప్పుడు.

మా అమ్మ నర్సాపురం లేసు అల్లేది.
ఒక్క కన్ను తప్పితే మూరెడు విప్పేసేది.
పాడైపోయిందని నేను ఏడిస్తే
ఒళ్ళో ముడతలుపడ్డ కుప్ప చూపించి
"విప్పితే లేసు పోద్దేమో గానీ
దారం ఎక్కడికి పోద్దే" అనేది.

మైకు పక్కన పెట్టేశాను.
అయ్యా, నేను పిస్కమ్మనండి.
బాప్తిస్మంలో ప్రిస్కిల్లా అన్నారు,
కార్డులో సత్యవతి అని ఉంది,
షెడ్డులో నలబై మూడో నంబరు.
మీరు దేంతో పిలుస్తారో నాకు తెలవదు.
మిమ్మల్ని నువ్వనే ప్రార్థన చెయ్యాలంటారు,
నాకు అండీ తప్ప నోరు తిరగదు.
మా చెరువుకి తెల్లమచ్చ వైరస్ వచ్చిందండి.
మీకు చెప్పాను. చెప్పాను కదండీ,
మూడు రాత్రులు గట్టు మీద మోకాళ్ళేసి.
నాలుగో పొద్దున్న మొత్తం తేలిపోయాయి.
అప్పట్నించీ మీ మీద కోపంగా ఉన్నానండి.
కోపంగానే వస్తున్నాను ప్రతి బుధవారం.
ఇంకెక్కడికి పోనండి.

ఒకటి అడగాలండి.
తెల్లారగట్ల ఒడ్డున నిప్పులేసి
పేతురు వాళ్ళకి చేపలు కాల్చింది మీరే కదా.
చేత్తోనే తిప్పుంటారు.
ఆ మేకుల గాయాల్లో
నీసు పట్టలేదాండి?
ఏం పెట్టి కడుక్కున్నారు?

ఎవరో నవ్వారు.
ఎవరో ఆమెన్ అన్నారు, ఎక్కడ అనాలో తెలీక.
సుగుణవతమ్మగారు కళ్ళు తెరిచి నన్నే చూసింది.
కోపమో మరేంటో ఇప్పటికీ తెలీదు.
చెరువు అప్పు అలాగే ఉంది.
వచ్చే నెల వాయిదా.

ఇంటికెళ్తుంటే ఏటిగట్టు పక్కన పోటు ఎక్కుతోంది.
ఎండాకాలం సముద్రం ఇక్కడిదాకా వచ్చేసి
నీళ్ళన్నీ ఉప్పగా చేసిపెడుద్ది,
అయినా దీన్ని ఎవరూ సముద్రం అనరు.
గోదారే అంటారు.

చేతులు వాసన చూసుకున్నాను.
నిమ్మ పోయింది. పౌడరు పోయింది.
మసక చీకట్లో వెనకనించి ఎవరో పిలిచినట్టయింది.
ఏ పేరో సరిగ్గా వినపళ్ళేదు.

ఆయ్, అన్నాను.