టెస్ట్ టెస్ట్ పేరు మీద నాలుగొందల కుర్చీలు

మూసాపేటలో ఇనుప మెట్ల మీద రేకుల గది.
మధ్యాహ్నం దాటితే
లాప్‌టాప్ కన్నా ముందు నాకే వేడెక్కేది.

మొగులయ్య టెంట్ హౌస్ లెక్కలన్నీ
ఒక్క ఫైల్లో పెట్టాను,
కోడ్ పక్కనే, అదే ఫోల్డర్లో,
చెయ్యి చాస్తే తగిలేట్టు.
చేతికందితే చాలు, భద్రంగా ఉన్నట్టే అనుకున్నాను.

సరిచూసుకోవడానికి పేర్లు కావాలంటే
నోటికొచ్చినవి కొట్టాను:
టెస్ట్ టెస్ట్. ఆఆఆ.
ఫోన్ నంబరు పది తొమ్మిదులు.
ఊరు: ఊరు.
టెస్ట్ టెస్ట్ గారు నాలుగొందల కుర్చీలు తీసుకున్నారు,
ఇరవై ఆరు డేగిసలు, ఒక పెళ్లిపీట.
తిరిగివ్వలేదు.
లేని మనిషికి బాకీ రాసి
ఒక్కదాన్నే నవ్వుకున్నాను కూడా.

సర్వర్‌కి ఎక్కించాక అంతా బాగానే ఉంది.
చాదర్‌ఘాట్ కొట్లో గుమస్తా ఖాదర్
ఒంటి వేలితో పదకొండు రోజులు నింపాడు.
మలక్‌పేటలో పెద్దకర్మ, అక్బర్‌బాగ్‌లో వలీమా,
సైదాబాద్‌లో ఎవరి పిల్లదో ఓణీల ఫంక్షన్,
అడ్వాన్సు ఎంత, కాలు విరిగిన కుర్చీలెన్ని.

పన్నెండో రోజు రాత్రి
ఒక బటన్ రంగు మార్చాను.
ఆకుపచ్చ కంటికి ఆనట్లేదంటే నీలం చేశాను.
అంతే.
ఫోల్డర్ మొత్తం మళ్లీ ఎక్కించాను.

నా ఫైల్ వెళ్లి వాళ్ల ఫైల్ మీద కూర్చుంది.
ఎర్ర అక్షరాలు రాలేదు, ఎవరూ అరవలేదు.
నీలం బటన్ మాత్రం
చాలా బాగుంది.

పొద్దున ఆరున్నరకి ఫోన్:
"బిడ్డా, ఈ టెస్టయ్య ఎవలు?
మన కుర్చీలన్ని ఆయన కాడనే ఉన్నయంటుంది."

మెట్రోలో సీటు ఖాళీగా ఉన్నా
మలక్‌పేట దాకా నిలబడే ఉన్నాను.

మొగులయ్య తిట్టలేదు.
వెనక గోదాంకి తీసుకెళ్లి లైటేశాడు.
గోడ మీద నా భుజం ఎత్తున
మట్టిరంగు గీత.
"మూసీ ఇంతదాక వచ్చె. కుర్చీలు తేలినయి.
పోతే పోయినయి, కొనుక్కున్నం.
ఎవలకిచ్చినమో మరిస్తే ఏం కొంటవు?"
ఆ ఏడు ఖాతా పుస్తకం ఇక్కడ లేదట.
వనస్థలిపురంలో వాళ్లక్క ఇంట్లో,
బియ్యం డబ్బాలో ఉందట.
"సామాను ఏడుంటే లెక్క ఆడ పెట్టొద్దు బిడ్డా,
రెండు ఒక్కపారే మునుగుతయి."

ఖాదర్ జేబుల్లోంచి, శుభలేఖల వెనకల్నించి,
టీకొట్టు గోడ మీది పెన్సిల్ అంకెల్లోంచి
తొమ్మిది రోజులు ఏరుకొచ్చాం.
రెండు రోజులు దొరకలేదు.
శని, ఆదివారాలు.

ఇప్పుడు ఆ లెక్క వేరేచోట ఉంటుంది.
బటన్ రంగు వంద సార్లు మార్చినా
దాని గడప తొక్కను.
నా దగ్గర తాళంచెవి ఒకటే ఉంది,
అదీ కోడ్‌లో రాసిపెట్టుకోలేదు.
రాత్రి రెండింటికి దానికో నకలు
మూడో చోటికి నడిచిపోతుంది.
ఆ మిషన్‌కి నేను పెట్టిన పేరు బియ్యండబ్బా.
వారానికోసారి మూత తీసి చూస్తాను,
నిజంగా బియ్యమే ఉన్నాయా అని.

రేకుల గదిలో నా దొంగ ఊరు నాకుంది.
అక్కడ టెస్ట్ టెస్ట్ గారు హాయిగా
నాలుగొందల కుర్చీల మధ్య ఒక్కరే కూర్చున్నారు.
ఎన్నిసార్లు తుడిచేసినా
మర్నాటికి మళ్లీ పుడతారు. ఎవరికీ నష్టం లేదు.

నిన్న సాయంత్రం కొట్టు ముందు ఒక ట్రాలీ ఆటో ఆగి
అరవై కుర్చీలు దింపింది.
ఎవరు పంపారని అడిగాను.
డ్రైవర్ తాడు చుట్టుకుంటూ
నన్ను వింతగా చూశాడు.
"మీరే రాసుకున్నరు కదమ్మా."