మూలం లభ్యం కాదు

పదవీ విరమణ మర్నాడు కూడా
అమ్మ ఏడున్నరకే కోటు తొడుక్కుంది.
గుమ్మం దాకా వెళ్ళి, చేతిలో తాళంచెవి చూసుకుని
"ఎక్కడికి?" అని తననే అడిగి
తిరిగొచ్చి, కోటుతోనే టీ తాగింది.

కుతాయిసిలో వాన
చుట్టంలా వచ్చి వారం ఉంటుంది.
ముప్పై ఎనిమిదేళ్ళు ఉప్పు సుంకాల చరిత్ర చెప్పిన
ప్రొఫెసర్ లమారాకి
ఇప్పుడు మేమే తరగతి.

"మన పెళ్ళినాడు వాన" అంటాడు నాన్న.
"ఆధారం?"
"నా బూట్లు పాడయ్యాయి."
"ఏవీ, చూపించు."
నలభై ఆరేళ్ళ వాదన,
రొట్టెతో పాటు రోజూ బల్ల మీదికొస్తుంది.
తమ్ముడు ఉషాంగి బతూమికి వ్యాను నడుపుతాడు,
పెట్రోలు రసీదులు తెచ్చి ఆవిడ ముందు పెడతాడు,
నిజంగానే వెళ్ళానని.

నాన్న గెనో, బస్సు డిపోలో మెకానిక్.
ఎడమ చెవి ఇంజన్లకిచ్చేశాడు.
అమ్మ పుస్తకం అచ్చయి వచ్చిన రోజు
చేతిలో పెట్టుకుని బరువు చూసి
"బాగా రాశావు" అన్నాడు.
చదవలేదు.
చదివినవాళ్ళు తప్పులు పట్టారు:
రెండో అధ్యాయంలో పద్నాలుగు చోట్ల
అడుగున అదే చిన్న అక్షరాల మాట,
మూలం లభ్యం కాదు.
ఇంత పెద్దావిడ, ఇంత అశ్రద్ధా అని ఒకాయన ఎత్తిపొడిచాడు.
అమ్మ జవాబు రాయలేదు.

నేనూ రాసుకున్నాను ఒక చరిత్ర, లోలోపల.
అందులో అమ్మ ఎక్కడా లేదు.
నా పుట్టినరోజుకి దస్తావేజుల గదిలో,
నా బడి నాటకానికి దస్తావేజుల గదిలో.
నేను మందుల షాపు పెట్టిన రోజు వచ్చింది,
బోర్డు మీద తేదీ తప్పుందని చెప్పి వెళ్ళింది.

మొన్న నేలమాళిగ సర్దుతుంటే
నాన్న సీసాలు బయటపడ్డాయి.
ఏటా జూన్‌లో పుల్ల ఆల్‌బుఖారా పచ్చడి పెట్టి
వడ్రంగి పెన్సిలుతో చీటీ అంటిస్తాడు.
'80. కాయ పెద్దది. ఆడపిల్ల అనుకున్నాం, ఉషాంగి.
— కాదు కాదు, నేనే పెద్దదాన్నని ఇంట్లో అందరూ అంటారే!
చూశారా, ఆధారం లేకపోతే ఇలాగే,
నాలుగేళ్ళు పెద్దవాణ్ణి తమ్ముడని పిలిచి
అలవాటైపోయింది, వాడు పొట్టిగా ఉంటాడని.
'84. వడగళ్ళు. నెస్తాన్ పుట్టింది.
'91. సీసాలు దొరకలేదు.
'94 సీసాలో పచ్చడి లేదు, మేకులున్నాయి.
చీటీ మాత్రం పోలేదు:
పన్నెండు సీసాలే. పోయిన చలికాలం కరెంటు లేదు, కట్టెలు లేవు.
పిల్లకి ఊపిరితిత్తుల్లో నెమ్ము.
లమారా తన కార్డులు పొయ్యిలో వేసింది.
పదిహేడో శతాబ్దం ముందు.

పదకొండు పెట్టెల కార్డులు.
సముద్రం ఒడ్డున ఆ అసలు కాగితాలున్న భవనం
అంతకు ముందే యుద్ధంలో తగలబడింది.
ఇక మిగిలింది అమ్మ చేతిరాతే.
ఆ రాత్రి పాలు కాగాయి, నాకు గుర్తుంది.
మీగడ కట్టిందని పేచీ పెట్టాను, అదీ గుర్తుంది.
ఏది కాలితే కాగాయో అడగలేదు.

సీసా తెచ్చి బల్ల మీద పెట్టాను.
కళ్ళద్దాలు తుడుచుకుంది.
"చేతిరాత గెనోదే. ఏడాది సరిపోయింది."
మళ్ళీ చదివింది.
"ఇది తప్పు. ముందు పద్దెనిమిదో శతాబ్దం.
పదిహేడు ఆఖర్న."
పెన్సిలు తీసి కొట్టేసి, పైన దిద్దింది.

"పుస్తకంలో వేస్తావా ఇప్పుడు?" అన్నాను.
"ఇంటివాళ్ళ సాక్ష్యం చెల్లదు."
అంటూనే మేకులు పళ్ళెంలోకి ఒంపి
సీసా కడిగి
బీరువాలో, ఆ పుస్తకం పక్కన బోర్లించింది.

రొట్టె కోసం వెళ్ళిన నాన్న తిరిగొచ్చాడు.
"వాన" అన్నాడు గట్టిగా, చెవిటివాళ్ళు చెప్పినట్టు.
అమ్మ ఆయన బూట్ల వైపు చూసింది.
ఏమీ అడగలేదు.