పెదవులు ఆయనవి

ముప్పై ఒక్క సినిమాల్లో
ఈరణ్ణ ముండరగి మాట్లాడింది నేను.
మీరు చూసిన ఆ మీసం, ఆ భుజాలు,
కత్తి దిగాక కూడా మూడడుగులు నడిచే ఆ మొండితనం
ఆయనవి.
"ఈ గోదాము తాళం నా శవం మీద వెతుక్కో" అన్న గొంతు మాత్రం
మైసూరు చాముండిపురంలో
పొద్దున్నే మిరియాల నీళ్ళు పుక్కిలించిన నాది.

గదగ్ వైపు మనిషి.
కంపెనీ నాటకాల్లో పదకొండేళ్ళు
జాతర జాతరకీ డేరా మోశాడు,
భీముడి గద చిరిగితే తనే కాగితం అంటించాడు.
మైకు లేకుండా పలికితే చివరి వరుసలో
మిర్చీ మండక్కీ నమిలేవాడి దవడ ఆగేదట.
గాంధీనగరలో ఒక నిర్మాత ఆ పలుకు విని
"మొహం ఉంచండి, భాష తీసేయండి" అన్నాడు.
"హౌద్రీ" అంటే బెంగళూరు జనం నవ్వుతారట.
హీరోని కొట్టేవాడు నవ్వించకూడదు కదా.

అలా నన్ను పిలిచారు.
చీకటి గది, ఎర్ర బల్బు,
తెర మీద ఆయన మొహం లూపుగా తిరుగుతూ
అదే వాక్యం పదహారుసార్లు.
ప, బ, మ వచ్చినచోట పెదవులు కలవాలి,
తక్కినదంతా మోసం చెయ్యొచ్చు.
ఆయన పెదవులు మోసానికి లొంగేవి కావు.
కాగితం మీద మైసూరు కన్నడ, నోట్లో ముండరగి.
ఒకరి చెప్పులో ఇంకొకరి కాలు దూర్చినట్టు
నా మాటల్ని దూర్చేవాణ్ణి.

పన్నెండేళ్ళలో ఒక్కసారే కలిశాం,
స్టూడియో బయట, టీ బండి దగ్గర.
"నువ్వేనా నేను?" అన్నాడు.
అవునన్నాను.
"మా అమ్మ అడిగింది, పట్నం పోయి గొంతు ఎవరికి అమ్మావురా అని."
టీ డబ్బులు తనే ఇచ్చాడు.
చిల్లర రెండుసార్లు లెక్కపెట్టుకున్నాడు.

తర్వాత ఎవరో కుర్రాడు, మొదటి సినిమా,
నాకిచ్చే డబ్బుల్లేక ఆయన్నే మాట్లాడమన్నాడు.
లారీ క్లీనర్ల తగువులు తీర్చే ముసలి హమాలీ వేషం.
హుబ్బళ్ళిలో నాలుగో వారానికి
తెర ముందు పడ్డ నాణేలు ఏరడానికి మనిషిని పెట్టారట.
నేనూ చూశాను, మ్యాట్నీకి, ఒక్కణ్ణే.
నేనింతకాలం కాపురమున్న ఆ నోట్లోంచి
ఎండు జొన్నరొట్టె విరిగినట్టు ఆ మాట వచ్చింది.
బయటికొచ్చి, తాళం తియ్యకుండానే
సైకిలు తోస్తూ నిలబడ్డాను.

నాకు పని తగ్గింది.
ఆయనకి పెరిగింది. పెరిగి, పాడైంది.
ప్రతి సినిమాలో అదే హమాలీ, అదే "హౌద్రీ",
ఎక్కడ నవ్వుతారో సరిగ్గా అక్కడ.
రాష్ట్ర అవార్డు ఇచ్చిన రోజు
వేదిక మీద మంత్రిగారూ అనమన్నారు.
అన్నాడు.
ఫొటోలో అందరూ నవ్వుతున్నారు, ఆయన కూడా.

మొన్న శ్రావణంలో కుడిపక్క పడిపోయింది. మాట పోయింది.
నీలవ్వ ఫోన్ చేసింది:
"ఏదో అంటున్నారండీ, పెదవులు ఆడుతున్నాయి.
డాక్టరుకి తెలియలేదు, కొడుక్కీ తెలియలేదు.
మీకైతే..."

రాజాజీనగర, రెండో అంతస్తు.
కిటికీ మూయమన్నాను, అలవాటు చావదు.
టేబుల్ లైటు ఆయన మొహం మీదికి తిప్పి
స్టూలు మీద కూర్చున్నాను.
పెదవులు సగమే కదిలాయి.
మ దగ్గర కలిశాయి. బ దగ్గర మళ్ళీ.
ఎన్నిసార్లు అడిగితే అన్నిసార్లు అన్నాడు,
విసుక్కోకుండా, లూపులో లాగే.

మైసూరు కన్నడ ఎత్తుకోబోయి ఆగాను.
బతుకులో మొదటిసారి ఆయన ఊరి యాసలో,
తప్పులతో, సిగ్గుపడుతూ అన్నాను:
"నీలవ్వా, పాలవాడికి మూణ్ణెల్ల బాకీ ఉందే,
ఇచ్చెయ్యి."

ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని
లోపలికి పరుగెత్తింది, డబ్బా వెతకడానికి.

ఆయన నా వైపు చూశాడు.
ఎడమచెయ్యి దుప్పటి మీంచి లేపి
చూపుడువేలు గాల్లో గుండ్రంగా తిప్పాడు.
యాస కుదరలేదట.
ఇంకో టేక్.