తప్పు చేస్తాం, పప్పు చేస్తాం

హల్ ఊళ్ళో, సముద్రపు వాసన వదలని వీధిలో
లాండ్రీ కొట్టు మీద గది.
కింద ఎవరెవరివో దుప్పట్లు గిరగిరా తిరుగుతుంటాయి,
పైన మా నాలుకలు.

బుధవారం రాత్రి ఏడింటికి మోరీన్ వస్తుంది.
చేతిసంచిలో మార్కర్లు, అల్లం బిస్కట్ల డబ్బా,
నీళ్ళోడుతున్న గొడుగు.
చేపల గోదాంలో ముప్పయ్యేళ్ళు లెక్కలు రాసిన మనిషి,
వ్యాకరణం అడిగితే నవ్వేస్తుంది.
"కళ్ళు మూసుకుని వినండి.
ఏది రాయిలా తగిలితే అది తప్పు."

వానకి హెవీ.
టీకి స్ట్రాంగ్.
గాలికీ స్ట్రాంగే గానీ
ట్రాఫిక్‌కి మళ్ళీ హెవీ.
పొరపాటుకి మేక్, హోంవర్క్‌కి డూ.

నాకు ఇక్కడే కాలు జారుతుంది.
నా భాషలో తప్పు చేస్తాం, పప్పు చేస్తాం,
అప్పు చేసి పెళ్ళి చేస్తాం,
అన్నిటికీ ఒకటే చెయ్యి.
దెబ్బలు మాత్రం తింటాం.
ఎందుకు తింటామని
ఇన్నేళ్ళలో ఒక్కసారీ అడగలేదు నేను.

రొట్టెలు కాల్చే షిర్జాద్ అడుగుతాడు, ప్రతిదానికీ.
"టీ ఎందుకు హెవీ కాదు?
మా అమ్మ పెట్టేది తాగి చూడు."
"ఎందుకో నాకూ తెలీదు, లవ్," అంటుంది మోరీన్
(ఈ ఊళ్ళో బస్సు డ్రైవరుకీ మనం లవ్వే).
"ఎప్పట్నుంచో పక్కపక్కన ఉంటున్నాయి. అంతే."

బ్రెడ్ అండ్ బటర్.
సాల్ట్ అండ్ పెప్పర్.
తిరగేసి అంటే అర్థం పోదు,
అయినా కుర్చీ కాలు పొట్టయినట్టుంటుంది.
"మా ఇంటికి క్రిస్మస్ కార్డులు
నలభయ్యొక్క ఏళ్ళు డెరెక్ అండ్ మోరీన్ అనే వచ్చాయి.
నా పేరు ముందు రాసినవాళ్ళు ఒక్కరూ లేరు.
పోయిన డిసెంబర్లో మోరీన్ అని ఒక్కటే వచ్చింది.
స్పెల్లింగ్ తప్పనుకున్నాను ముందు."
బోర్డు తుడవడం మొదలుపెట్టింది.
అక్కడ తుడవడానికి పెద్దగా ఏమీ లేదు.

తరవాత ఫాస్ట్ అస్లీప్ వచ్చింది.
షిర్జాద్ బల్ల మీద కొట్టి నవ్వాడు:
"నిద్రలో పరిగెత్తేదెవరు?"
అందరం నవ్వాం.
ఖెర్సోన్ నుంచి వచ్చిన హలీనా నవ్వలేదు.
మాటలు ఒక్కొక్కటే ఏరుకుంటూ అంది:
"మా అబ్బాయి. ఏడేళ్ళు.
బూట్లతో పడుకుంటాడు. విప్పనివ్వడు.
వాడు ఫాస్ట్ అస్లీప్."

కింద డ్రయ్యర్ ఆగిపోయింది.
తలుపు తెరిచి ఎవరో బట్టలు తీసుకుంటున్న చప్పుడు.

మోరీన్ కళ్ళద్దాలు తీసింది, పెట్టుకుంది.
"ఆ ఫాస్ట్ ఇది కాదమ్మా. అది పాతమాట.
మా డెరెక్ ట్రాలర్ తిరిగొచ్చాక
తాడుతో రేవు గుంజకి బిగించేవాడు.
మేక్ ఫాస్ట్ అనేవాళ్ళు దాన్ని.
అలల్లో ఊగుతుంది పడవ, ఎక్కడికీ పోదు.
నిద్రకి అలా కట్టేసి ఉన్నాడని."

హలీనా నోట్‌బుక్‌లో ఒక గుంజ బొమ్మ వేసుకుంది.
తాడు వేసింది.
పడవ వెయ్యకుండానే
టైమైపోయింది.

బయట జోరున కురుస్తోంది.
"స్ట్రాంగ్ రెయిన్," అన్నాడు షిర్జాద్, కావాలనే.
"హెవీ," అని గొడుగు కిందనుంచి జవాబు.
దెబ్బ తిన్నట్టు మొహం పెట్టాడు.
ఆ మొహాన్ని ఇంగ్లీషులో ఏమంటారో
నాకింకా రాదు.

మరుసటి బుధవారం
ఎ పెయిర్ ఆఫ్ అని బోర్డు మీద రాసి
పక్కన ఖాళీ వదిలింది మోరీన్.
కత్తెర, అన్నాడొకడు. కళ్ళద్దాలు, అన్నాన్నేను.
హలీనా చెయ్యెత్తింది.
"నిన్న రాత్రి ఒక బూటు విప్పాడు."

"ఒకటా?"

"ఒకటే. ఎడమది."

మార్కర్ మూత పెట్టేసి
మోరీన్ బిస్కట్ల డబ్బా తెరిచింది.