అన్నం మాడిపోతోంది

మా తాత క్రిసాంతో
యాభై ఏళ్ల కిందట మూడుసార్లు చచ్చిపోయాడు.
ఒకసారి కొండచిలువ చుట్టేసి,
ఒకసారి తాళ్ల వంతెన తెగి,
ఇంకోసారి ఎందుకో ఆయనకే గుర్తు లేదు.
ఎవరో "పడు" అన్నారు, పడ్డాడట.

ప్రతి చావుకీ ఒక రోజు కూలి,
ఆకులో చుట్టిన అన్నం, ఒక ఎండుచేప.
వంతెన చావులో మోకాలు చిట్లింది గనక
ఆ రోజు చేపలు రెండు.

లగూనాలో మా ఏటి ఒడ్డుకి
వానలు వెనకబట్టగానే సినిమావాళ్లు దిగేవారు.
తాతది పడవపని.
ఎదురునీట్లో, బండల సందుల్లోంచి జలపాతం దాకా
కాలితో రాయిని తన్ని పడవని మలుపు తిప్పేవాడు.
ఆ కాలు వాళ్లకి అక్కర్లేకపోయింది.
చొక్కా విప్పమన్నారు.
మసిలో కొబ్బరినూనె కలిపి ఒళ్లంతా పులిమారు.
తలకి ఈకలు కట్టారు.
ఆ పిట్ట మా అడవిలో లేదు.

పిల్లల సినిమా.
రాగిజుట్టు అన్న, చెల్లి, వాళ్ల కుక్క.
పటం దొరుకుతుంది, నిధి ఉంటుంది,
నిధికీ వాళ్లకీ మధ్య మా తాత ఉంటాడు.

"ఏదో ఒకటి అరవండి. మీ భాషే.
అర్థంతో పని లేదు, కోపం ఉంటే చాలు."
తాత ఈటె ఎత్తి
నరాలు తెగేలా అరిచాడు:
"అన్నం మాడిపోతోంది!
ఒరే, ఎవరైనా పొయ్యి చూడండ్రా!"
వెనక ఇరవైమంది నేల దద్దరిల్లేలా
"చూడండ్రా! చూడండ్రా!"

ఎక్కడెక్కడి పిల్లలో ఆ కేకకి
అమ్మల చేతులు గట్టిగా పట్టుకునే ఉంటారు.
మా ఊళ్లో, చర్చి గోడకి కట్టిన దుప్పటి మీద
అదే కేక వినపడ్డ రాత్రి
జనం ఘొల్లున నవ్వారు.
మా అవ్వ మటుకు నవ్వు మధ్యలో ఆగి
"నిజంగా మాడిందా?" అని అడిగిందట.

ఆఖర్న పేర్లు పైకి పాకాయి.
కుక్క పేరుంది.
కుక్కకి బొచ్చు దువ్వినావిడ పేరుంది.
తాత ఇంకో రెండు రాత్రులు వెళ్లి చూశాడు,
తను చదవడంలో నిదానం కదా,
దాటిపోయిందేమోనని.

మొన్న ఆదివారం శాంటాక్రూజ్ మాల్‌కి
తాతనీ, మా అక్క కూతురు లువల్హాతినీ తీసుకెళ్లాను.
కొత్త సినిమా. ఈసారి పటం పట్టుకున్న పిల్లది
మా రంగే. మా చప్పిడి ముక్కే.
చెవి వెనక వినికిడి మిషను కూడా,
లువల్హాతిదానిలాగే గులాబీది.
అది కుర్చీ మీద లేచి నిలబడింది.
వెనకాయన కూర్చోమన్నాడు. కూర్చోలేదు.
తన మిషను తీసి చూసుకుని మళ్లీ పెట్టుకుంది,
దాన్ని ఎవరో పట్టుకెళ్లి తెరకి తగిలించారేమోనన్నట్టు.
నాకు గొంతు పూడుకుపోయింది. దాచుకోను.
నా ఎనిమిదేళ్లప్పుడు నేను
ఆ కుక్కని అనుకుని ఆడుకునేదాన్ని.

అప్పుడు గుహలోంచి వాళ్లొచ్చారు.
ఏదో మంచుదేశం వాళ్లు.
బొచ్చుతోళ్లు, ఎముకల దండలు, మొహాలకి సున్నం.
ఈటెలున్నాయి, పేర్లు లేవు.
ఒక్కుమ్మడిగా ఏదో అన్నారు.
కింద అక్షరాల్లో ఒకటే మాట: అరుపులు.
మా రంగు పిల్ల వాళ్ల తలల మీంచి గెంతి తప్పించుకుంది.
హాలంతా చప్పట్లు.
నేనూ కొట్టాను.

లువల్హాతి కొట్టలేదు.
కింద మాట రెండుసార్లు చదివి
తాత మోచెయ్యి లాగింది:
"ఏమంటున్నారు వాళ్లు?"

తాత చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని
చాలాసేపు విన్నాడు, ఆ గొడవ అయిపోయాక కూడా.
"ఏమో మరి. నాకూ రాదు ఆ భాష.
కాని ఆ చివర పొట్టివాడున్నాడే,
వాడికి ఆకలేస్తోంది."

లైట్లు వెలిగాయి. అందరూ వెళ్లిపోయారు.
పాప్‌కార్న్ ఊడ్చే కుర్రాడు
మా కాళ్లు ఎత్తించి మరీ ఊడ్చుకుపోయాడు.
లువల్హాతి పైకి చదువుతోంది,
వంటవాళ్లు, వడ్రంగులు, గుర్రాలవాళ్లు.
తాత ఒక్కో పేరుకీ తల ఊపుతున్నాడు.

"పొట్టివాడొచ్చాడా?"
"ఇంకా లేదు. ఉండు, పాకుతున్నాయి."