రెండేళ్ళకి ఒక రోజు తక్కువ

మా ఆఫీసు కింద రొట్టెల కొట్టు.
పొద్దున ఫైళ్ళన్నీ పులిసిన పిండి వాసన వేస్తాయి,
మధ్యాహ్నానికి మళ్ళీ కాగితం వాసనకొస్తాయి.
స్లైగోలో పాతికేళ్ళుగా నా పని ఇదే,
రోజులు లెక్కపెట్టడం.

వాదించేది లాయరు ఫిన్‌బార్.
నేను గోడ క్యాలెండర్ మీద
ఎర్ర పెన్సిల్‌తో గీత పెడతాను.
రెండేళ్ళు, అందులో ఒక రోజు తక్కువ.
ఆ ఒక్క రోజూ ఎవరు మింగారని
అడగనివాళ్ళు లేరు.
ఎవరూ మింగలేదమ్మా,
తెలిసిన రోజు కూడా లెక్కలోకొస్తుంది, అంటాను.

అట్రాక్టా ఫీలీ ఫిబ్రవరిలో వచ్చింది.
బూట్లకి ఇసుక, వేళ్ళనిండా ఆల్చిప్పల గాట్లు.
అఖాతంలో వాటి సాగే ఆమె బతుకు.
ఆపరేషన్ అయి నాలుగేళ్ళు దాటింది.
కడుపులో గుడ్డ ముక్క ఉందని
గాల్వేలో స్కాన్ తీసి చెప్పింది మాత్రం
రెండేళ్ళ కిందటి మార్చి తొమ్మిదిన.

"తెలిసిన తేదీ?" అడిగాడు ఫిన్‌బార్.
"కాగితం మీదా, ఒంట్లోనా?"
అతను కలానికి మూత పెట్టాడు.
అనుమానం వేరు, ఎరుక వేరు అన్నాడు,
పసిపిల్లకి చాకు పిడివైపు అందించినట్టు.

ఆమె వదిలెళ్ళిన కవర్లో
రసీదులు, మందుల చీటీలు,
వాటి మధ్య ఆటుపోట్ల పట్టిక ఒకటి,
జేబులో పట్టేది, ఉప్పుకి ఉబ్బింది.
నీళ్ళెప్పుడు తీస్తాయో ఎప్పుడు తిరిగొస్తాయో
నిమిషాలతో సహా.
ఆ గడువు ఎవరి సంజాయిషీ వినదు.
సంచులు తిప్పుతూ పది నిమిషాలు ఏమరితే
ట్రాక్టరు మునుగుతుంది.

అంచుల్లో పెన్సిల్ రాత.
వల చిరిగింది. డీజిల్ నలభై యూరోలు. కుక్కకి మందు.
రెండువేల ఇరవై, జనవరి పదహారు, ఆటు ఆరూ పదికి:
లోపల ఏదో మర్చిపోయారు వీళ్ళు.

లెక్కపెట్టాను. అలవాటు.
అక్కణ్ణించి కొలిస్తే
ఆమె దావా మునిగి రెండేళ్ళు దాటింది.

డెస్క్ కింద చెత్తబుట్ట.
ఆ సాయంత్రం దాని వైపు ఎన్నిసార్లు చూశానో
ఎవరికీ చెప్పలేదు.
కింద షట్టరు దించేస్తున్నారు.
తన ఒంటి మాట ముందే విన్నది ఆమె,
ఆ తప్పుకి జరిమానా ఆమెకే.

పుస్తకం మూయబోతుంటే కనిపించింది,
జాగా చాలక పేజీ తిప్పి రాసిన మిగతా వాక్యం:
డాక్టర్‌ని అడిగాను. ఏం లేదు, వయసన్నాడు. సరే.

ఆ "సరే" కింద పెన్సిల్ గట్టిగా నొక్కింది,
వెనక కాగితం మీద తడిమితే తగుల్తుంది.

పొద్దున్నే ఫిన్‌బార్ ముందు రెండు పేజీలూ పెట్టాను.
చాలాసేపు చదివాడు.
"వాళ్ళకీ ఇవ్వాల్సిందే. ముందు పేజీ వాళ్ళు చదువుతారు,
వెనక పేజీ మనం చదువుదాం" అన్నాడు.
గెలుస్తామని అనలేదు.

మార్చి ఏడున డబ్లిన్ రైలెక్కాను.
కిటికీ అవతల కుర్రాడు ఆవులిస్తూ ముద్ర కొట్టాడు,
సిరా ఆరకముందే ఫోన్ చేశాను.
ఎత్తలేదు.
సంచిలోంచి పట్టిక తీశాను,
ఈ ఏడాదిది, నేనే కొనుక్కున్నది.
ఆటు ఇంకా నలభై నిమిషాలుంది.
నీళ్ళలో ఉండి ఉంటుంది.